తివాచీల పాదుషా షా అబ్బాస్

మన ఇళ్లలో తివాచీతో పరిచయం జానమాజ్‌తోనే మొదలవుతుంది. నానీమా కాలం నాటి జానమాజ్ ఒకటి పెట్టె అడుగున మడతపెట్టి దాచుకున్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. దాని మీద మిహ్రాబ్ కమాను, అంచుల వెంట పాకే తీగలు, తీగల మధ్య పూలు. తివాచీల మీద కనిపించే పూలలో విచ్చుకున్న తామరను పోలిన పెద్ద పువ్వు ఒకటి ఉంది. తివాచీ వర్తకులు ఈనాటికీ దాన్ని షా అబ్బాసీ పువ్వు అంటారు. నాలుగు వందల ఏళ్ల కిందట ఇరాన్‌ను ఏలిన ఒక పాదుషా పేరు అది.

తివాచీ కొనడంలో అనుభవం ఉన్నవారిని గమనించండి. పైన కనిపించే రంగులు చూసి వారు ధర కట్టరు. ఒక మూల పట్టుకుని తిరగేస్తారు. వెనకవైపున ప్రతి ముడీ బయటపడుతుంది. నేత ఎంత దగ్గరగా ఉంది, దారం ఎక్కడ తెగింది, ఎక్కడ అతికించారు, అన్నీ అక్కడ తెలుస్తాయి. చరిత్రలో మహా పాదుషా అనిపించుకున్న షా అబ్బాస్ జీవితాన్ని ఈ వారం మనం అలాగే రెండు వైపులా చూద్దాం. ఆయన వల్ల ఇరాన్ తివాచీకి లోకమంతా పేరు వచ్చింది. ఆ పేరు వెనక ఏముందో కూడా తెలుసుకోవడం మంచిది.

అబ్బాస్‌కు ముందు

తివాచీ అబ్బాస్‌తో పుట్టలేదు. సైబీరియాలోని ఆల్టాయ్ కొండల్లో, పజిరిక్ అనే చోట మంచులో గడ్డకట్టిన ఒక సమాధి నుంచి 1949లో ఒక తివాచీ బయటపడింది. క్రీస్తుకు పూర్వం నాలుగైదు శతాబ్దాల నాటిది. దాన్ని ఎక్కడ నేశారన్న దానిపై పండితుల మధ్య వాదన ఉంది గానీ, ముడులు వేసి తివాచీ నేసే విద్య అంత పాతదని మాత్రం తేలిపోయింది.

ఇస్లాం చరిత్ర చదివినవారికి మరో తివాచీ గుర్తుంటుంది. హజ్రత్ ఉమర్ (రజి.) ఖిలాఫత్ కాలంలో, 637 ప్రాంతంలో, హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి.) నాయకత్వంలోని సేన ఇరాన్ చక్రవర్తుల రాజధాని మదాయిన్‌ను జయించింది. అక్కడి మహలులో ఒక పెద్ద తివాచీ దొరికింది. చరిత్రకారుడు తబరీ దాని గురించి వివరంగా రాశాడు. అరవై మూరల పొడవు, అరవై మూరల వెడల్పు. దాని మీద ఒక తోట. బంగారంతో నేల, రత్నాలతో పూలు, పండ్లు, మధ్యలో కాలువలు. చలికాలంలో బయట తోటలు ఎండిపోయినప్పుడు చక్రవర్తి ఈ వసంతం మీద కూర్చుని విందు చేసుకునేవాడట.

ఆ తివాచీ మదీనాకు చేరింది. దాన్ని ఏం చేయాలని ఖలీఫా సహాబాలను సంప్రదించారు. అలాగే ఉంచుదామన్న ఆలోచన కొందరికి వచ్చింది. పంచి పెట్టడమే న్యాయమని హజ్రత్ అలీ (రజి.) సలహా ఇచ్చారు. తివాచీని ముక్కలుగా కోసి పంచారు. హజ్రత్ అలీకి వచ్చిన ముక్క అన్నిటికన్నా మంచిదేమీ కాకపోయినా ఇరవై వేల దిర్హములు పలికిందని తబరీ రాశాడు. అంత కళాఖండాన్ని కోసేశారే అని ఈనాడు కొందరు బాధపడతారు. ఒక్కడి విందుకు పరిచిన వసంతం వందల ఇళ్లకు అన్నమైందని మనం సంతోషించవచ్చు. అబ్బాస్ కథ చదివేటప్పుడు ఈ తివాచీని మనసులో ఉంచుకోవాలని పాఠకులకు మనవి.

అబ్బాస్ తాత షా తహ్మాస్ప్ కాలానికి ఇరాన్ తివాచీ మళ్లీ గొప్ప స్థితికి వచ్చింది. సఫవీ వంశానికి మూలపురుషుడైన షేఖ్ సఫీ దర్గా ఉన్న ఊరి పేరుతో అర్దబీల్ తివాచీ అని పిలిచేది ఆ కాలానిదే. అది ప్రస్తుతం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. సుమారు 34 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు. దాని మీద హిజ్రీ 946, అంటే 1539-40 అని సంవత్సరం ఉంది. మఖ్సూద్ కాషానీ అనే పేరు కూడా ఉంది. అందులో రెండున్నర కోట్లకు పైగా ముడులు ఉన్నాయి. రోజుకు ఏడు వేల ముడులు వేయగల పనివాడు ఒక్కడే కూర్చుంటే, ఒక్కరోజైనా ఆగకుండా వేసినా, పదేళ్లు పడుతుంది. ఆ లెక్క ఒకసారి ఊహించుకుంటే తివాచీ మీద కాలు పెట్టడానికే జంకుతాం.

చావు అంచున బాల్యం

అబ్బాస్ 1571 జనవరి 27న హిరాత్ నగరంలో పుట్టాడు. హిజ్రీ లెక్కన అది 978 రమజాన్ మొదటి రోజు. తండ్రి ముహమ్మద్ ఖుదాబందా చూపు సరిగా లేనివాడు, మెతక మనిషి. తల్లి ఖైరున్నిసా బేగం తెలివైనది, గట్టిది.

1576లో తాత తహ్మాస్ప్ చనిపోయాడు. చిన్నాన్న రెండవ ఇస్మాయిల్ గద్దెనెక్కాడు. గద్దెకు పోటీ రాగలవారంటూ సొంత వంశంలోని యువరాజులను ఒక్కొక్కరినే చంపించాడు. హిరాత్‌లో ఉన్న చిన్నారి అబ్బాస్‌ను కూడా చంపమని మనిషిని పంపాడు. వెళ్లినవాడు పని ఆలస్యం చేశాడు. ఈలోగా 1577లో ఇస్మాయిలే చనిపోయాడన్న కబురు వచ్చింది. ఆరేళ్ల పిల్లవాడు అలా బతికిపోయాడు.

కష్టం అంతటితో తీరలేదు. ఖిజిల్‌బాష్ అనే తుర్కమన్ తెగల సర్దారులే ఆనాడు రాజ్యానికి అసలు యజమానులు. రాణి పెత్తనం వారికి నచ్చలేదు. 1579లో అంతఃపురంలో చొరబడి ఆమెను చంపేశారు. అబ్బాస్‌కు అప్పుడు ఎనిమిదేళ్లు. తల్లికి దూరంగా హిరాత్‌లో సర్దారుల చేతుల్లో పెరుగుతున్నాడు. 1586లో అన్న హంజా మీర్జా కూడా హత్యకు గురయ్యాడు. మరుసటి ఏడాది, 1587లో, ముర్షిద్ ఖులీ ఖాన్ అనే సర్దారు అబ్బాస్‌ను ఖజ్వీన్‌కు తీసుకువచ్చి గద్దె మీద కూర్చోబెట్టాడు. కన్నతండ్రిని దించి కొడుకును ఎక్కించారు. పాదుషాకు పదహారేళ్లు. రెండేళ్లు తిరక్కుండానే, తనను గద్దెనెక్కించిన ముర్షిద్ ఖులీని అబ్బాస్ చంపించాడు.

ఈ బాల్యం అబ్బాస్‌కు రెండు విషయాలు నేర్పింది. రాజ్యం నిలవాలంటే సర్దారుల బలం తగ్గించాలని ఒకటి. రక్తసంబంధాన్ని కూడా నమ్మకూడదని రెండోది. మొదటి పాఠం ఇరాన్‌ను నిలబెట్టింది. రెండో పాఠం ఆయన ఇంటిని కూల్చింది.

ఇస్ఫహాన్‌లో కొత్త రాజధాని

గద్దెనెక్కేనాటికి దేశం ముక్కలై ఉంది. పడమటి సీమలు ఉస్మానీ తుర్కుల చేతుల్లో, తూర్పున హిరాత్ ఉజ్బెకుల చేతుల్లో ఉన్నాయి. అబ్బాస్ తొందరపడలేదు. 1590లో తబ్రీజ్ వంటి నగరాన్ని కూడా వదులుకుని తుర్కులతో సంధి చేసుకున్నాడు. తర్వాత ఖిజిల్‌బాష్ తెగలతో సంబంధం లేని కొత్త సైన్యాన్ని, జార్జియా, ఆర్మీనియా, సర్కేసియా ప్రాంతాల నుంచి వచ్చిన గులాములతో తయారు చేశాడు. 1598లో హిరాత్‌ను, 1603లో తబ్రీజ్‌ను తిరిగి సాధించాడు. 1622లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడల సాయంతో హోర్ముజ్ దీవి నుంచి పోర్చుగీసువారిని వెళ్లగొట్టాడు. 1623లో బాగ్దాద్‌ను పట్టుకున్నాడు.

1598లో రాజధానిని ఖజ్వీన్ నుంచి ఇస్ఫహాన్‌కు మార్చాడు. అక్కడ నఖ్షె జహాన్ అనే పెద్ద మైదానం నిర్మించాడు. అర కిలోమీటరుకు పైగా పొడవున్న ఆ మైదానానికి ఒకవైపు రాజభవన ద్వారం ఆలీ ఖాపూ, ఎదురుగా షేఖ్ లుత్ఫుల్లా మసీదు, దక్షిణాన 1611లో మొదలుపెట్టిన షాహీ మసీదు, ఉత్తరాన బజారు. ఆ మసీదుల నీలి పలకల మీద కనిపించే తీగలూ పూలూ తివాచీల మీద కూడా కనిపిస్తాయి. షాహీ చిత్రకారులు గీసిన నక్షాలే మసీదు గోడకూ, పుస్తకం అట్టకూ, మగ్గానికీ నమూనాలయ్యాయి.

కార్ఖానాల పాదుషా

అబ్బాస్‌కు ముందు మేలు రకం తివాచీలు దర్బారు కోసం, దర్గాల కోసం తయారయ్యేవి. పల్లెల్లో, గుడారాల్లో ఆడవాళ్లు తమ ఇంటికోసం నేసుకునేవారు. తివాచీ దేశానికి సంపద తెచ్చే సరుకు కాగలదని గుర్తించి, దానికి తగ్గ ఏర్పాట్లు పెద్ద ఎత్తున చేసినవాడు అబ్బాస్. ఇస్ఫహాన్‌లో మైదానానికీ, రాజోద్యానానికీ మధ్య షాహీ కార్ఖానాలు పెట్టించాడు. పనివాళ్లకు జీతాలు దర్బారు ఖజానా నుంచే వెళ్లేవి. కాషాన్, మష్హద్, అస్తరాబాద్, గీలాన్, షిర్వాన్, కరాబాగ్ ప్రాంతాల్లోనూ కార్ఖానాలు పెట్టించాడనీ, ప్రతి ఊరూ తన సొంత పద్ధతిలోనే నేయాలని ఆదేశించాడనీ, తర్వాతి కాలంలో ఇస్ఫహాన్‌లో ఉన్న పోలండు పాదరీ క్రుసిన్‌స్కీ రాశాడు. ఈ ఆదేశం వెనక చాలా తెలివి ఉంది. అన్ని ఊళ్లూ ఒకే రకం నేస్తే ధర పడిపోతుంది. ఒక్కో ఊరికి ఒక్కో పేరుంటే అన్నీ బతుకుతాయి. ఇరాన్ తివాచీలను ఈనాటికీ ఊరి పేరుతోనే పిలవడం మనం చూస్తాం. కాషాన్, కిర్మాన్, తబ్రీజ్, ఇస్ఫహాన్ అని అడిగి కొంటారు.

మగ్గం మీద పని ఎలా జరుగుతుందో రెండు మాటల్లో చెబుతాం. నిలువు మగ్గానికి పడుగు దారాలు బిగిస్తారు. రెండేసి పడుగు దారాలకు రంగు ఉన్ని పోగు చుట్టి ముడి వేసి కొస కోస్తారు. ఇరాన్ నగరాల్లో ఎక్కువగా వాడే ముడిలో పోగు ఒక దారాన్ని పూర్తిగా చుట్టి, పక్క దారం వెనక నుంచి ఊరికే వస్తుంది. అందువల్ల ముడులు చాలా దగ్గరగా పడతాయి. పూరేకు వంపును కూడా చూపించవచ్చు. ఒక వరస ముడులు పూర్తికాగానే పేక దారం దూర్చి, బరువైన దువ్వెనతో కొట్టి బిగిస్తారు. చివర కత్తెరతో నూగును సమంగా కత్తిరిస్తారు. మంజిష్ఠ వేరు నుంచి ఎరుపు, నీలిమందు నుంచి నీలం, దానిమ్మ బెరడు నుంచి పసుపు, అక్రోటు తొక్కల నుంచి గోధుమ రంగు తీసేవారు. ఆ రంగులు వందల ఏళ్లకు కూడా వెలవకుండా, కాస్త మెత్తబడి మరింత అందం తెచ్చుకుంటాయి.

ఈ పనికి ఆధారం పట్టు. కాస్పియన్ సముద్రపు ఒడ్డున గీలాన్, మాజందరాన్ సీమల్లో పండే పట్టును అబ్బాస్ క్రమంగా తన అధీనంలోకి తెచ్చుకున్నాడు. 1619లో పట్టు ఎగుమతిని దర్బారు గుత్తాధిపత్యం చేశాడు. ఆ వ్యాపారం ఆర్మీనియా క్రైస్తవ వర్తకుల చేతుల్లో పెట్టాడు. వారు హలబ్ నుంచి వెనిస్ దాకా, సూరత్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా తిరిగేవారు.

ఐరోపా రాజుల ఇళ్లకు

1601లో పోలండు రాజు మూడవ సిగిస్మండ్, సఫర్ మురాతోవిచ్ అనే ఆర్మీనియా వర్తకుణ్ణి కాషాన్‌కు పంపి పట్టు తివాచీలు నేయించుకున్నాడు. వాటిలో కొన్ని ఆ రాజు కుమార్తె 1642లో పెళ్లి చేసుకున్నప్పుడు సారెగా జర్మనీకి వెళ్లాయి. మ్యూనిక్ రాజభవనంలో వాటిని భద్రపరిచారు. పట్టుతో పాటు బంగారు, వెండి జరీ కలిపి నేసిన ఈ రకం తివాచీలకు తర్వాత ఒక విచిత్రం జరిగింది. 1878లో పారిస్ ప్రదర్శనలో పోలండు జమీందారీ కుటుంబానికి చెందిన ఇలాంటి తివాచీలను పెట్టారు. కొన్నిటి మీద ఐరోపా కుటుంబాల చిహ్నాలు ఉండటం చూసి, ఇవి పోలండులోనే నేసి ఉంటారని చూసినవారు అనుకున్నారు. వాటికి పోలొనైజ్ తివాచీలని పేరు పెట్టారు. పొరపాటు బయటపడినా ఆ పేరు మాత్రం పోలేదు. కాషాన్, ఇస్ఫహాన్ పనివాళ్ల కష్టం పోలండు పేరుతో ఈనాటికీ చెలామణి అవుతోంది.

అబ్బాస్ తివాచీని రాయబారంగా కూడా వాడాడు. 1603లో తన రాయబారి ఫతహీ బేగ్ చేత వెనిస్ నగర ప్రభువుకు జరీ పట్టు తివాచీ పంపాడు. అది అక్కడి సెయింట్ మార్క్ చర్చి ఖజానాలో ఉంది. తుర్కులతో యుద్ధంలో ఐరోపా వారి స్నేహం కావాలి, పట్టుకు కొనుగోలుదారులు కావాలి. ఆ రెండింటికీ ఒక తివాచీ పనిచేసేది.

గోల్కొండకు వచ్చిన రాయబారం

అదే 1603 సంవత్సరంలో అబ్బాస్ రాయబారం మన గోల్కొండకు కూడా వచ్చింది. అప్పటికి ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా హైదరాబాదు నగరం కట్టి పన్నెండేళ్లయింది. ఖుతుబ్ షాహీలకు సఫవీలతో మతసంబంధం, స్నేహసంబంధం గట్టిగా ఉండేవి. గోల్కొండ పేష్వా మీర్ మోమిన్ కూడా ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడే. తహ్మాస్ప్ మరణం తర్వాత సఫవీ యువరాజుల నెత్తురు పారిన ఆ రోజుల అనంతరం ఆ దేశం విడిచి దక్కనుకు చేరిన పండితుడు. మచిలీపట్నం రేవు నుంచి మన కలంకారీ బట్టలు, నీలిమందు పారశీక రేవులకు వెళ్లేవి. అక్కడి నుంచి గుర్రాలు వచ్చేవి.

రాయబారానికి వచ్చిన ఉగుజ్లూ సుల్తాన్ కొన్నేళ్లు ఇక్కడే ఉన్నాడు. గోల్కొండ రాకుమార్తె హయాత్ బక్షీ బేగంను సఫవీ ఇంటి కోడలుగా అడగడం కూడా ఆ రాయబారం ఉద్దేశాల్లో ఒకటని చరిత్రకారులు రాశారు. ముహమ్మద్ ఖులీ ఆమెను తన తమ్ముడి కొడుకు సుల్తాన్ ముహమ్మద్‌కే ఇచ్చి పెళ్లి చేశాడు. హయాత్‌నగర్‌కు ఆమె పేరే పెట్టారు. తర్వాత కాలంలో ఆమె కొడుకు తరఫున రాజ్యవ్యవహారాలు చూసి, అందరి చేతా మా సాహెబా అనిపించుకుంది. ఇస్ఫహాన్ వెళ్లి ఉంటే ఆమె బతుకు ఎలా ఉండేదో, కింద చెప్పబోయే సంగతులు చదివినవారు ఊహించుకోగలరు.

తిరగేసి చూస్తే

అబ్బాస్ భక్తిపరుడు. 1601లో ఇస్ఫహాన్ నుంచి మష్హద్ దాకా, ఇమామ్ రజా దర్గాకు, నడిచి వెళ్లాడు. తన సొంత ఆస్తులను వక్ఫ్ చేశాడు. నజఫ్‌లో హజ్రత్ అలీ దర్గాకు పట్టు తివాచీలు సమర్పించాడు. ఆ తివాచీలపై నేయించిన అక్షరాల్లో తనను పాదుషా అని చెప్పుకోలేదు. ఆ గుమ్మం దగ్గర పడి ఉండే కుక్కనని చెప్పుకున్నాడు. అంత వినయం తివాచీ మీద ఉంది.

ఆ వినయం ఆయన తీర్పుల్లో మాత్రం కనిపించదు. 1604లో తుర్కుల సైన్యం వస్తున్నదని తెలిసి, శత్రువుకు తిండి దొరకకూడదని, సరిహద్దు ఆర్మీనియాను ఖాళీ చేయించాడు. జుల్ఫా పట్టణం ప్రజలను ఇళ్లు వదిలి అరస్ నది దాటించి తోలించాడు. దారిలో, నదిలో వేలమంది చనిపోయారు. బతికినవారికి ఇస్ఫహాన్ పక్కన కొత్త జుల్ఫా కట్టించాడు. వారి చర్చీలు వారు కట్టుకోవడానికి, వారి మతం వారు పాటించడానికి స్వేచ్ఛ ఇచ్చాడు. పట్టు వ్యాపారంలో పెద్ద పీట వేశాడు. ఐరోపాకు పట్టును, దానితో పాటు ఇరాన్ పేరును మోసుకెళ్లినవారిలో ఇలా ఇల్లు కోల్పోయి వచ్చినవారు ఎందరో ఉన్నారు.

అంతకన్నా పెద్ద గాయం ఆయన సొంత ఇంట్లో ఉంది. అబ్బాస్‌కు ఐదుగురు కొడుకులు. ఇద్దరు చిన్నప్పుడే పోయారు. పెద్దవాడు సఫీ మీర్జా ధైర్యవంతుడు, ప్రజల్లో మంచిపేరు ఉన్నవాడు. ఆ మంచిపేరే అతని ప్రాణం తీసింది. తాను తన తండ్రిని దించి గద్దెనెక్కినట్లే, కొడుకూ తనను దించుతాడని అబ్బాస్‌కు భయం పట్టుకుంది. చాడీలు చెప్పేవారు ఉండనే ఉన్నారు. 1615లో రష్త్ పట్టణంలో ఒక గులాము చేత ఆ కొడుకును చంపించాడు. తర్వాత కొద్ది రోజులకే కుట్ర ఏమీ లేదని తెలిసి ఏడ్చాడని చెబుతారు. ఆ పశ్చాత్తాపం కూడా ఆయన మనసును మార్చలేదు. 1621లో జబ్బుపడినప్పుడు తన చావు కోసం ఎదురుచూస్తున్నాడని మరో కొడుకు ఖుదాబందా కళ్లు తీయించాడు. కొన్నేళ్లకు చివరి కొడుకు ఇమామ్ ఖులీకీ అదే గతి పట్టించాడు.

చిన్నాన్న పంపిన హంతకుడి చేతి నుంచి బయటపడిన పిల్లవాడు పెద్దయ్యాక చేసిన పని ఇది. తన ప్రాణం ఏ దయ వల్ల నిలిచిందో, ఆ దయను తన బిడ్డలకు ఇవ్వలేకపోయాడు.

అబ్బాస్ తర్వాత యువరాజులను సూబాలకు పంపి పని నేర్పించే పాత ఆచారం పోయింది. వారిని అంతఃపురంలోనే బంధించినట్లు పెంచారు. యుద్ధం తెలియని, జనం తెలియని, లోకం తెలియని పాదుషాలు గద్దెనెక్కసాగారు. అబ్బాస్ పోయిన వందేళ్లలోపే, 1722లో, అఫ్గాన్ సేన ఇస్ఫహాన్‌ను నెలల తరబడి ముట్టడించింది. నగరం ఆకలితో అలమటించి లొంగిపోయింది. సఫవీ రాజ్యంతో పాటు షాహీ కార్ఖానాలు కూడా మూతపడ్డాయి. ఏ పాదుషా కార్ఖానాలు పెట్టించాడో, ఆ పాదుషా భయమే వాటి మూతకు దారి తీసిన కారణాల్లో ఒకటైంది.

ఆ ముడులు ఎవరివి

కార్ఖానాలు పోయినా విద్య పోలేదు. దాన్ని కాపాడింది పల్లెల్లోని, గుడారాల్లోని ఆడవాళ్లు. తల్లి పక్కన కూర్చుని కూతురు నేర్చుకుంది. 19వ శతాబ్దం చివర తబ్రీజ్ వర్తకులు, మాంచెస్టర్ నుంచి వచ్చిన జీగ్లర్ కంపెనీవారు మళ్లీ ఐరోపాకు, అమెరికాకు తివాచీలు ఎగుమతి చేయడం మొదలుపెట్టే నాటికి మగ్గాలూ చేతులూ సిద్ధంగా ఉన్నాయి. ఆ పెరిగిన గిరాకీకి చెల్లించిన ధర కూడా ఉంది. కిర్మాన్ వంటి చోట్ల చిన్నపిల్లలు చీకటి గదుల్లో గంటలకొద్దీ ముడుచుకు కూర్చుని నేయగా వారి ఎముకలు వంగిపోయేవని ఆనాటి ప్రయాణికులు, వైద్యులు రాశారు. సన్నని వేళ్లకు సన్నని ముడి పడుతుందన్న మాట వర్తకుడికి లాభం, బిడ్డకు శాపం.

2010లో యునెస్కో సంస్థ కాషాన్, ఫార్స్ ప్రాంతాల తివాచీ నేతను మానవజాతి వారసత్వ కళల్లో చేర్చింది. కాషాన్‌లో ఈ విద్య ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లోనే ఉంది. 2013లో న్యూయార్క్ వేలంలో 17వ శతాబ్దపు కిర్మాన్ తివాచీ ఒకటి మూడు కోట్ల ముప్పై ఏడు లక్షల డాలర్లు పలికింది. తివాచీకి అంత ధర అంతకుముందు ఎన్నడూ రాలేదు. దాన్ని నేసినవారి పేరు ఎవరికీ తెలియదు. అర్దబీల్ తివాచీ మీద మఖ్సూద్ పేరు మిగిలింది గానీ, అతని మగ్గం ముందు కూర్చున్నవారి పేర్లు మిగలలేదు. కోట్ల ముడులు వేసినవారు పేరు లేకుండా వెళ్లిపోయారు. ఒక్క ముడీ వేయని పాదుషా పేరు పువ్వుకు నిలిచింది.

మన ఏలూరు తివాచీలకూ ఇరాన్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలే మూలమని పెద్దలు చెబుతారు. తరతరాలుగా మగ్గం మీద బతికిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఈ కథలోని పనివాళ్లు మనకు మరీ దూరపువారు కారు.

కాషాన్‌లో సమాధి

షా అబ్బాస్ 1629 జనవరి 19న మాజందరాన్ సీమలో కన్నుమూశాడు. నలభై ఒక్క ఏళ్లకు పైగా ఏలాడు. గద్దెనెక్కడానికి కళ్లున్న కొడుకు ఒక్కడూ మిగలలేదు. తాను చంపించిన సఫీ మీర్జా కొడుకే, తాత తర్వాత షా సఫీ పేరుతో పాదుషా అయ్యాడు. ఇస్ఫహాన్‌లో అంత గొప్ప మసీదులు, భవనాలు కట్టించిన పాదుషాకు ఆ నగరంలో సమాధి లేదు. తివాచీలకు పేరుపడ్డ కాషాన్‌లో, హబీబ్ ఇబ్నె మూసా దర్గాలో, ఒక నల్లరాతి సమాధి కింద ఆయన ఉన్నాడు.

షా అబ్బాస్‌ను ఉట్టి క్రూరుడని కొట్టిపారేయడం న్యాయం కాదు. ముక్కలైన దేశాన్ని కలిపాడు, దారులు వేశాడు, సరాయిలు కట్టాడు, పరమతాల వర్తకులకు చోటిచ్చాడు, లక్షల చేతులకు పని చూపించాడు. ఆయనను కేవలం మహానుభావుడని పొగడటం కూడా న్యాయం కాదు. పడుగూ పేకా ఒకదాన్ని ఒకటి పట్టుకుంటేనే తివాచీ నిలుస్తుందని ఆయన పనివాళ్లలో అతి చిన్నవాడికి కూడా తెలుసు. ఇంటి విషయంలో ఆ పాదుషా దాన్ని మరచిపోయాడు. అనుమానంతో ఒక్కో దారాన్నీ తానే తెంపుకున్నాడు.

మన ఇళ్లలోనూ తండ్రీకొడుకుల మధ్య, అన్నదమ్ముల మధ్య ఆస్తి కోసమో, చాడీల వల్లనో దారాలు తెగుతుంటాయి. రాజ్యం పెద్దది, మన ఇల్లు చిన్నది. తెగిన దారం మాత్రం ఒకటే. ఈ జుమా నమాజుకు జానమాజ్ పరిచేటప్పుడు ఒక్కసారి దాని మూల ఎత్తి వెనకవైపు చూడండి. అక్కడి ముడులు ఎవరో పేరు తెలియనివారి ఓర్పును చూపిస్తాయి. మన ఇంటి ముడులు మన చేతుల్లోనే ఉన్నాయి.